ఏడు బైట్ల పొదుపు

మా ఆఫీసు జీతాల ప్రోగ్రాం రాసిన పెద్దాయనకు ఒక్క బైటు, అంటే మెమరీలో ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేంత చోటు, వృథా అయినా అన్నం పారబోసినంత బాధ. ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం ఉందా, ప్రయాణ భత్యం ఉందా, వాషింగ్ అలవెన్సు ఉందా అనే ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది గడులు కేటాయించడం ఆయన దృష్టిలో దుబారా. బైటులో ‘ఉంది, లేదు’ అని చెప్పగల బిట్లు ఎనిమిది ఉండగా ఎనిమిది బైట్లెందుకు? అన్నింటినీ ఒకే బైటులో కుక్కి, దానికి ‘ఎక్స్’ అని నామకరణం చేశారు. పేరు పొడుగైతే ప్రోగ్రాం నెమ్మదిస్తుందని ఆయన నమ్మకం. ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే కంపైలరు ఆ పేర్లను అప్పుడే వదిలేస్తుందని ఆయన ముందు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

400 మంది ఉద్యోగులు, మనిషికి ఏడు బైట్లు. వెరసి ఆదా 2,800 బైట్లు. పొద్దున్నే బంధువులు పంపే శుభోదయం బొమ్మలో ఒక గులాబీ రేకుకు కూడా చాలవు.

ఒకప్పుడు ఈ పిసినారితనానికి అర్థం ఉండేది. 1959లో వచ్చిన ఐబీఎం 1401 అనే కంప్యూటరులో అన్నింటికన్నా చిన్న రకానికి మెమరీ 1,400 అక్షరాలే. అప్పుడు సంవత్సరంలో ‘19’ ఎగరగొట్టి ‘59’ అని రాసుకోవడం తెలివే. తీరా 2000 దగ్గరపడేసరికి, ‘00’ని కంప్యూటర్లు 1900 అనుకుంటాయన్న భయంతో ఆ తెలివిని సరిచేయడానికి, అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రాం భాష నేర్చుకున్న మనవాళ్లు అమెరికా విమానాలెక్కారు. ఆ రెండంకెల పుణ్యాన ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. మా కంప్యూటరు సంగతి వేరు. నెలకోసారి జీతాలు లెక్కగట్టి, తక్కిన రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది.

రాత్రి కాపలావాళ్లకు కొత్త భత్యం మంజూరైంది. పని కొత్త కుర్రాడి మీద పడింది. ఏడు బిట్ల గుట్టు తెలిసింది కానీ ఎనిమిదోది, అంటే 128 విలువ గలది, ఎందుకుందో అంతుపట్టలేదు. జాబితా అంతా వెతికాడు, ఎవరికీ లేదు. కోడులో 128 కోసం వెతికాడు, అక్కడా లేదు. పెద్దాయనకు ఫోను చేశాడు. ఆయన తిరుమలలో క్యూలో ఉన్నారు, ఫోను డిపాజిట్ కౌంటరులో ఉంది. ఖాళీగా ఉన్న బిట్టే కదా అని కుర్రాడు దాన్ని కాపలావాళ్లకు రాసిచ్చేశాడు.

ఆ బిట్టు పదవీ విరమణది. అది ఉన్నవాళ్లను లెక్క తేల్చి పాత ఫైలులోకి పంపేస్తారు కాబట్టి జాబితాలో ఎవరికీ కనబడదు. తక్కిన ఏడు బిట్ల విలువలన్నీ కలిపినా 127 దాటవు, దాటిందంటే ఎనిమిదోది ఉన్నట్టే. అందుకే కోడులో ‘ఎక్స్ 127 దాటితే’ అని ఉంది కాబట్టి 128 దొరకదు.

నెలాఖరున కాపలావాళ్లందరికీ జీతం చీటీకి బదులు ‘మీ సుదీర్ఘ సేవలకు కృతజ్ఞతలు’ అన్న ఉత్తరాలు వెళ్లాయి. నిరుడు చేరిన కాపలా కుర్రాడి సేవలూ సుదీర్ఘమే. పాతవాళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ లెక్క కూడా జతపడింది. ఇదంతా రెప్పపాటులో జరిగింది. వేగం విషయంలో ప్రోగ్రాంకు వంక పెట్టలేం.

పెద్దాయన లడ్డూలతో వచ్చి, “127 అని స్పష్టంగా రాశాను కదయ్యా!” అన్నారు.

“అదేమిటో పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది సార్.”

“రాస్తే చోటు పట్టదూ?”

ఇప్పుడు అన్నింటికీ వేర్వేరు గడులు, నిండైన పేర్లు. ఎంత ఆలస్యమవుతుందో చూద్దామని పెద్దాయన చేతి గడియారం పట్టుకుని నిలబడ్డారు. తేడా గడియారానికి అందలేదు.

ఉత్తరాలన్నీ వెనక్కి వచ్చాయి, ఒక్కటి తప్ప. గేటు దగ్గరి పెద్ద వాచ్‌మన్ ససేమిరా ఇవ్వనన్నాడు. “జీతంలో కోత పడినప్పుడు కంప్యూటరు లెక్క తప్పదన్నారు కదా బాబూ! ఆ గ్రాట్యుటీ సంగతి తేల్చండి, అప్పుడు ఇస్తాను.”