తేమ మీటరు దగ్గర తేలుతున్న వాతావరణ లెక్క

వాతావరణ మార్పుల వల్ల పంటల దిగుబడి ఎంత తగ్గుతుందన్న అంచనాలు తరచూ వినిపిస్తుంటాయి. కృష్ణా డెల్టాలో వరి రైతునో, వరంగల్ పత్తి రైతునో అడిగి చూడండి, వాళ్లు చెప్పే అంకెలు వేరు. ఒకరు 17 అంటారు, మరొకరు 12 అంటారు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర దక్కదు, పత్తిలో 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. పంట పండాక ఈ రెండు గీతల దగ్గర రైతు పోగొట్టుకునే సొమ్ము ఏ దిగుబడి నివేదికలోకీ ఎక్కదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి డెల్టాలో వరి కోతలు సాగుతున్నాయి. కొన్ని చేలు కోతకు వచ్చి ఉన్నాయి, కొన్ని పనల మీద ఉన్నాయి, మరికొంత ధాన్యం రోడ్ల పక్కన బరకాల కింద ఉంది. పడిపోయిన చేను రెండు మూడు రోజులు నీళ్లలో నానితే గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. అలా కాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులపై పిచికారీ చేయాలని శాస్త్రవేత్తలు సూచిస్తారు. సలహా మంచిదే. ఎరువులకూ మందులకూ అప్పు చేసిన రైతు ఆఖరున ఉప్పు బస్తా మోసుకుని బురదలోకి దిగాల్సి రావడమే బాధాకరం.

తుపాన్లు డెల్టాకు కొత్త కావు. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుంది కాబట్టి, కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరిగింది. సరిగ్గా ఇదే కాలంలో మన కోత పద్ధతీ మారిపోయింది. మునుపు వరి కోసి, పనలు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారు. నేర్పుగా వేసిన కుప్ప మీద పడిన వాన గడ్డి మీదుగా జారిపోయేది, లోపలి గింజ పొడిగానే ఉండేది. ధర కోసం నాలుగు వారాలు ఆగే వెసులుబాటూ ఆ కుప్పే ఇచ్చేది. కూలీలు దొరకక కోత మిషన్లు వచ్చాక 20 శాతానికి పైగా తేమ ఉన్న పచ్చి ధాన్యం నేరుగా ట్రాక్టరులో పడుతోంది. దాన్ని ఆరబెట్టడానికి నాలుగు మంచి ఎండలు కావాలి. వానలో నానిన పొలంలోకి టైర్ల మిషన్ దిగదు గనుక చైన్ మిషన్ పిలవాలి, దాని గంట బాడుగ ఎక్కువ. పడిపోయిన చేను కోయడానికి పట్టే గంటలూ ఎక్కువే. దిగుబడి తగ్గకుండానే ఖర్చు పెరగడమంటే ఇదే.

పత్తిలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకే వర్తిస్తుంది. అక్కడి నుంచి 12 దాకా ఒక్కో శాతానికి ఒక శాతం చొప్పున కోత పడుతుంది, ఆపైన ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. ఆ ఏడాది అక్టోబరు చివర మొంథా తుపాను తెలంగాణలోనూ భారీ వర్షాలు కురిపించినప్పుడు చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది. పైగా అదే సీజన్‌లో అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ తీసుకోవాలన్నారు. ఆకాశం స్లాట్లు చూసుకుని తెరిపి ఇస్తుందా?

తడి ఒక చివరైతే ఎండ మరో చివర. యాసంగి వరి ఏప్రిల్ ఎండల్లో గట్టిపడటంతో గింజలో సన్నటి పగుళ్లు వస్తాయి, పచ్చి బియ్యంగా మర ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం, అందులో నూక 25 శాతం మించరాదన్నది ప్రభుత్వ సేకరణ నిబంధన. అందుకే తెలంగాణ మిల్లర్లు, ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆడించడం వల్ల నూక తక్కువ వచ్చే ఉప్పుడు బియ్యం వైపు మొగ్గారు. కేంద్రం ఆ బియ్యం వద్దనడంతో 2021-22లో రెండు ప్రభుత్వాల మధ్య పెద్ద రగడే నడిచింది. దాన్ని అందరూ రాజకీయంగానే చూశారు గానీ, మూలంలో అది గింజకు తగిలిన వడదెబ్బ కథ.

పరిహారం లెక్కలు మాత్రం పాత చోటే ఉన్నాయి. బీమాకు ప్రధాన ఆధారం పంట కోత ప్రయోగాలు, అంటే ఎంపిక చేసిన చిన్న మడిలో పంట కోసి దిగుబడి తూచడం. అవి గింజ బరువు తూచగలవు, గింజ రంగు మారి పడిపోయిన ధరను తూచలేవు. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కేంద్రం నడిపే ఫసల్ బీమా పథకం 14 రోజుల దాకా రక్షణ ఇస్తుంది, నష్టాన్ని 72 గంటల్లో తెలియజేయాలి. రోడ్డు మీద రాశి పోసిన ధాన్యానికి ఆ రక్షణ అందదు. తెలంగాణ 2020లోనే ఆ పథకం నుంచి తప్పుకుంది, 2023 మార్చి వడగళ్ల తర్వాత ఎకరాకు 10 వేల రూపాయల సాయం విడిగా ప్రకటించాల్సి వచ్చింది.

ప్రతి తుపాను తర్వాతా తేమ నిబంధన సడలించాలని రాష్ట్రాలు ఢిల్లీకి లేఖలు రాయడం, జవాబు వచ్చేలోగా సన్నకారు రైతు అయినకాడికి అమ్ముకోవడం మామూలైపోయింది. నిర్ణీత మోతాదు దాటి వాన కురిసిన మండలాల్లో సడలింపు దానంతటదే అమల్లోకి వచ్చేలా ముందే ఉత్తర్వు ఉంటే ఈ జాప్యం తప్పుతుంది. డ్రైయర్లు ఇప్పుడు ఎక్కువగా మిల్లుల్లోనే ఉన్నాయి. అవి ఊరి కొనుగోలు కేంద్రంలో, రైతు తరఫున ఉండాలి. ఎందుకంటే ధాన్యం మిల్లు గేటు దాటాక తేమ ఎంతో చెప్పేది మిల్లరే, తరుగు ఎంతో చెప్పేదీ ఆయనే.