గంటా పావు విమానం సరే, మిగతా సమయం ఎవరు లెక్కపెడతారు?

లండన్ నుంచి పారిస్‌కు 344 కిలోమీటర్లు, విమానంలో గంటా పావు, కాబట్టి రైలు కంటే అదే త్వరగా చేరుస్తుందని ఒక వ్యాసంలో తేల్చేశారు. దూరం సరైనదే. కానీ అది ఆకాశంలో తిన్నగా గీసిన గీత. గాల్లో ఉండేది ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ, మిగతాదంతా రన్‌వే దాకా పాకడానికే సరిపోతుంది.

లండన్ విమానాశ్రయం హీత్రూ ఊరికి ఒక చివర. దిగాక చార్ల్స్ డి గాల్ విమానాశ్రయం నుంచి పారిస్ నడిబొడ్డుకు ఆర్‌ఈఆర్ అనే లోకల్ రైలెక్కాలి. సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ క్యూలు కలిపితే పూట గడిచిపోతుంది. యూరోస్టార్ రైలు అయితే లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో ఎక్కితే రెండుంపావు గంటల్లో పారిస్‌లోని గార్ దు నార్ స్టేషన్. రెండూ ఊళ్ల మధ్యలోనే. ఈ రైలు సముద్రం కిందుగా సొరంగంలోంచి వెళ్తుంది; మొత్తం 50 కిలోమీటర్ల ఆ సొరంగాన్ని 1994లో తెరిచారు. గంట ముందే స్టేషన్‌కు వెళ్లాల్సి వచ్చినా నా లెక్కలో రైలే మేలు.

టికెట్ మీద టైములు చూసి కంగారు పడొద్దు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. పారిస్‌లో పదింటికి బయల్దేరిన విమానం లండన్‌లో పదింపావుకే దిగినట్టు కనిపిస్తుంది!

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఇంకో మాట. యూకే వీసా ఫ్రాన్స్‌లో చెల్లదు, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. రైల్లో ఎవరూ అడగరులే అనుకోకండి, ఫ్రెంచి పోలీసులు సెయింట్ పాంక్రాస్‌లోనే, రైలెక్కకముందే పాస్‌పోర్టు చూస్తారు.