మదర్‌బోర్డు పోయింది సార్!

మన దేశంలో పొలం గట్టు తగాదా తేలడానికి మూడు తరాలు పడుతుంది. తాత వేసిన దావాకి మనవడు వాయిదాకెళ్తాడు. అలాంటి దేశంలో పదకొండు సెకన్లలో తీర్పు చెప్పే ధర్మాసనం ఒకటుందనీ, అది బెంగళూరులో మా హూడీకి ఆటో దూరంలోనే కొలువై ఉందనీ, మా లాప్‌టాప్ మూగబోయేదాకా నాకు తెలియదు.

సర్వీస్ సెంటర్. గాజు తలుపులు, ఏసీ చలి, టోకెన్ నంబరు 47. కౌంటర్ వెనక కుర్రాడు లాప్‌టాప్ అందుకున్నాడు. పవర్ బటన్ ఒక్కసారి నొక్కాడు. తలెత్తాడు.

"మదర్‌బోర్డు పోయింది సార్."

మదర్‌బోర్డంటే లోపల అన్నిటినీ కలిపే పెద్ద సర్క్యూట్ పలక. దాన్ని చూడ్డానికి ఒక్క స్క్రూ విప్పలేదు. వెనక్కి తిప్పనైనా తిప్పలేదు. మా ఊళ్లో ఆరెంపీ డాక్టరు కూడా, ఏ రోగానికైనా అదే సూది వేసే మహానుభావుడే అయినా, ముందు నాలుక చాపమంటాడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు.

నేను నేరుగా అక్కడికి వెళ్లలేదని మనవి. ముందు ఇంట్లో నిపుణుల సంఘం కూర్చుంది. మా అపార్ట్‌మెంట్‌లో 24 ఫ్లాట్లుంటే 21 ఇళ్లలో పాలపొంగులూ ఈఎంఐలూ సాఫ్ట్‌వేర్ జీతాల మీదే. శనివారం సాయంత్రం వాట్సాప్‌లో "లాప్‌టాప్ ఆన్ కావట్లేదు, ఎవరైనా చూస్తారా" అని పెట్టానో లేదో, పరామర్శకి వచ్చినట్టు దిగిపోయారు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, తల వైపు చార్జర్. మా ఆవిడ కాఫీలు కలపడం మొదలెట్టింది.

404 ఆయన క్లౌడ్ ఆర్కిటెక్టు. పెద్దరికంగా అడిగాడు, "రీస్టార్ట్ చేసి చూశారా అన్నా?" స్టార్టే కాని దాన్ని రీస్టార్ట్ ఎలా చేస్తారని నేను అడగలేదు, ఇంటికొచ్చినవాణ్ణి ఏమంటాం. 203 ఆయన విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందన్నాడు. 101 ఆయనకి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ల మీద అనుమానం. ముగ్గురూ ఆ విషయం మీద పావుగంట వాదించుకున్నారు. టేబుల్ మీదున్నది ఉలకదు, పలకదు.

306 ఆయన ప్రోడక్ట్ మేనేజర్. నోట్‌బుక్ తెరిచి, "అసలు మీకేం కావాలి?" అన్నాడు. ఇది ఆన్ కావాలి అన్నాను. "అది పరిష్కారం. నేనడుగుతున్నది సమస్య." ఆన్ కావట్లేదు అన్నాను. "చూశారా, మళ్లీ అదే," అని జాలిగా నవ్వి మూడు డబ్బాలు గీసి బాణాలతో కలిపాడు. మూడో డబ్బాలో నా పేరు రాశాడు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఈలోగా 105 కుర్రాడు ఫోన్‌లో ఏఐని అడిగి పన్నెండు మెట్లు చదివి వినిపించాడు. మొదటి మెట్టు: ప్లగ్ పెట్టారా? అందరి తలలూ ఒక్కసారి గోడ వైపు తిరిగాయి. పెట్టే ఉంది. హమ్మయ్య అనుకున్నారు. ఐదో మెట్టు: కింది మూత విప్పండి.

"స్క్రూ డ్రైవర్ ఉందా?" అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. ఇంతమంది ఇంజినీర్లున్న చోట ఒక్కరింట్లో స్క్రూ డ్రైవర్ లేదు. చివరికి మా మదనపల్లి వాచ్‌మన్ తన ట్రంకుపెట్టెలోంచి ఒకటి తెచ్చిచ్చాడు. గేటు బిగించే సైజు.

అప్పుడు లోపల్నించి మా అమ్మ కేకేసింది. "ఆ బ్యాటరీ ఊడదీసి కాసేపు ఎండలో పెట్టరా. రేడియో సెల్లులకి మీ నాన్న అదే చేసేవారు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా. ఎండ సంగతి పక్కన పెడితే, ఆ సాయంత్రం మొత్తానికి పనికొచ్చే మాట అదొక్కటే. చార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి చూడాలి. చాలా పాత లాప్‌టాపులు అక్కడే లేచి కూర్చుంటాయి. మాది లేవలేదు.

మళ్లీ కౌంటర్‌కి వద్దాం. బోర్డు మారిస్తే 23,500. "దానికన్నా కొత్తది తీసుకోండి సార్, దీనికి ఎక్స్‌ఛేంజ్‌లో 1,500 వస్తుంది." పదకొండు సెకన్ల దర్శనానికి రుసుము 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. తిరుమలలో ఆ డబ్బుకి లడ్డూ అయినా వచ్చేది.

ఫోటోల సంగతేమిటన్నాను. ఫారం ముందుకి తోశాడు. డేటా పోతే మా బాధ్యత కాదు, సంతకం.

నా పక్కన 46వ టోకెన్ పెద్దాయన. కొడుకు వాడి వదిలేసిన లాప్‌టాప్. ఆయనకీ మదర్‌బోర్డే పోయింది. ఆ రోజు అందరికీ అదే పోయింది. "మనవరాలి ఫోటోలు బాబూ," అన్నాడు. గ్యారంటీ లేదన్నారు. 590 కట్టి, సంచీలో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు. ఫోటోలు దాచుకునే హార్డ్‌డిస్క్ వేరురా నాయనా, మదర్‌బోర్డు వేరు! బోర్డు మాడి మసైపోయినా పక్కనున్న డిస్క్ మామూలుగా నిక్షేపంగానే ఉంటుంది. అలాంటి పాత లాప్‌టాపులో నాలుగు స్క్రూలు విప్పితే చేతికొస్తుంది. బజార్లో కొన్ని వందలకి దొరికే డబ్బాలో పెట్టి, యూఎస్‌బీ తీగతో ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే చాలావరకు ఫోటోలు కనిపిస్తాయి. ఆ మాట చెప్పడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? చెప్పరు. చెప్తే ఆ ముసలాయన కొత్తది కొనడు. కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, వాడి నెత్తిన నెలవారీ టార్గెట్ ఉంది. బ్యాటరీని జిగురుతో అతికించి, ర్యామ్‌ని, అదే మెమరీ చిప్పుల్ని, బోర్డుకే సోల్డర్‌తో టంకం పెట్టేసి, దాన్ని "సన్నదనం" అని అమ్మేవాళ్లకి ఏ టార్గెట్ పెట్టాలి? మన కేంద్రం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరుచుకుంటుంది. లాప్‌టాపే తెరుచుకోదు. యూరప్‌వాళ్లు మాత్రం 2027 ఫిబ్రవరి 18 నుంచి బ్యాటరీ కొన్నవాడే ఊడదీసుకునేలా ఉండాలని చట్టం రాసుకున్నారు. మా అమ్మ సలహా అక్కడ చట్టమైందన్నమాట.

మర్నాడు మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి, కేఆర్ మార్కెట్‌లో దిగి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకి నడిచాను. వైర్ల చుట్టల మధ్య, మనిషి పక్కకి తిరిగితేనే పట్టే కొట్టు. ఆయనది చింతామణి వైపు. కన్నడంలో మొదలెట్టి నా ముఖం చూసి తెలుగులోకి దిగాడు. "రాండి సార్. లైటేమన్నా వచ్చిందా? ఫ్యాన్ సప్పుడు?" రెండూ లేవన్నాను. "అయితే ర్యామ్ జోలికి పోయే పనిలేదు. కరెంటే లోపలికి పోతాలేదు."

చార్జర్ కొసకి మల్టీమీటర్ ముళ్లు ఆనించాడు. 19 వోల్టులు, బాగానే ఉంది. పిన్ను లాప్‌టాప్‌లో గుచ్చి వేలితో అటూ ఇటూ ఆడించాడు. పన్ను కదిలినట్టు కదిలింది. పన్నెండు స్క్రూలు విప్పి స్టీలు మూతలో వేశాడు. చార్జర్ దూరే జాక్ దగ్గర సోల్డర్ పగిలి సన్నటి నల్ల గీత. నాకు భూతద్దంలో చూపించాడు; చూపించాడు, అది రాసుకోండి. పొగ లేచింది, రోజనం వాసన. పది నిమిషాలు.

నీలం లైటు వెలిగింది. 350 రూపాయలు. మదర్‌బోర్డు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

తెర మీద మాత్రం తేదీ తప్పు చూపిస్తోంది: 2013 జనవరి 1. లోపలి నాణెం సెల్లు అయిపోయిందట, గడియారం పుట్టిన సంవత్సరానికి వెళ్లిపోయింది. దాని లెక్కలో ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒక్కటే, రూపాయల్లో వెయ్యి నోటు చెల్లుతోంది.

"సెల్లు నలభై రూపాయలు. మార్చేదా సార్?" అన్నాడు.

కాసేపు ఉండనివ్వమన్నాను.