బూస్టర్ కొనేముందు మేడెక్కి కేబులు చూడండి

దసరా రోజులొచ్చేసరికి బరంపురం, ఇచ్ఛాపురం, గోపాలపూర్ వైపు అందరి చెవీ తుపాను వార్త మీదే ఉంటుంది. 2013లో ఫైలిన్, మరుసటేడు హుద్‌హుద్, 2018లో తిత్లీ, అన్నీ అక్టోబరులోనే వచ్చాయి. ఫైలిన్ అయితే గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు లేక, సెల్ టవర్లు మూగబోయి, పక్క ఊళ్లో ఇచ్చిన ఆడపిల్ల ఎలా ఉందో తెలీక గడిపినవాళ్లకి వైర్‌లెస్ సెట్టంటే గౌరవం పుట్టడంలో వింతేమీ లేదు. ఆ గౌరవం తిన్నగా బూస్టర్ (సెట్టు పంపే పవరుని పెంచే డబ్బా) మీదికి పోవడమే నాకు ఒళ్లు మండే విషయం. "బాబాయ్, ఐదు వాట్ల సెట్టుంది, ఎన్ని వాట్ల బూస్టర్ కట్టమంటావు?" ఎవరిని కదిపినా ఇదే. యాంటెన్నా ఎంత ఎత్తున కట్టాలని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

నా మాట ముందే చెప్పేస్తున్నా, తిట్టుకుంటే తిట్టుకోండి. మన వైపు కొంటున్న బూస్టర్లలో చాలామటుకు అక్కర్లేనివి. మిగతావాటిలో సగం వాడే పద్ధతి తెలీక ఇంటిమీదికి తెచ్చుకుంటున్నవి.

ఈ చేతి సెట్లు, పడవ సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగం దాదాపు కంటిచూపులాగే సూటిగా పోతుంది. పడవలో సెట్టు నీటికి రెండు మీటర్ల పైన, ఒడ్డున యాంటెన్నా పది మీటర్ల ఎత్తున ఉంటే, భూమి వంపు అడ్డొచ్చేది సుమారు 19 కిలోమీటర్ల దగ్గర. ఆ యాంటెన్నానే 25 మీటర్లకి లేపితే 26 కిలోమీటర్లు వస్తాయి. ఎత్తు పెంచకుండా ఐదు వాట్లని యాభై చేశారనుకోండి, ఆ వంపు అవతలికి కాస్త సాగొచ్చు గానీ వంపు మాత్రం ఎక్కడికీ పోదు. పైగా పవరు నాలుగు రెట్లు చేస్తే గానీ అవతలివాడి సెట్టులో సిగ్నల్ మీటరు ఒక్క గీత కదలదు. పది రెట్లు చేసినా రెండు గీతలు నిండవు. అది కూడా మనం పంపేటప్పుడే. వినేటప్పుడు బూస్టర్ చేసే సాయం సున్నా. మన గొంతు పొరుగూరి దాకా పోయిందని మురిసిపోతాం, పొరుగూరివాడు బదులిస్తే మనకి గరగర తప్ప ఏమీ వినపడదు.

సెట్టు నుంచి యాంటెన్నాకి పోయే కేబులు సంగతి ఇంకా ఘోరం. సన్నటి ఆర్‌జీ 58 కేబులు ముప్ఫై మీటర్లు లాగితే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర 25 వాట్లు పంపినా యాంటెన్నాకి చేరేది ఆరు. మిగతా పంతొమ్మిదీ కేబులు వేడెక్కడానికే. అదే లావుపాటి ఆర్‌జీ 213 వేస్తే సగానికి పైగా చేరుతుంది, వినికిడి కూడా అంతే బాగుపడుతుంది. ఇది కొత్త కేబులు లెక్క. మన ఉప్పుగాలి తిన్న కేబులు లెక్క వేరు. మొన్నామధ్య గోపాలపూర్‌లో మావాడొకడి మేడెక్కి యాంటెన్నా కింద కనెక్టరు విప్పితే లోపల్నుంచి నీళ్లు కారాయి. రాగి అల్లిక పచ్చగా చిలుము పట్టి, గోరు తగిలితే పొడిలా రాలింది. "ఏటి బాబాయ్, మొన్నమొన్నే కదా ఏసినాం" అంటాడు. కనెక్టరు మీద టేపు చుట్టలేదు, కేబులుకి కిందికో మెలిక ఇవ్వలేదు, వానంతా లోపలికే దిగింది. కింద గదిలో మాత్రం కొత్త బూస్టర్ అట్టపెట్టె కూడా విప్పకుండా సిద్ధంగా ఉంది! కొత్త కేబులు లాగి, అతుకుల మీద సాగే రబ్బరు టేపు చుట్టాక ఆ పెట్టె విప్పే పనే పడలేదు.

ఇక అసలు కోపం. గోపాలపూర్ ఒడ్డున చేపలు పట్టే నోలియాలు చాలామంది మన తెలుగువాళ్లే. సముద్రంలో ఆపదొస్తే పిలిచేది 16వ ఛానెల్ మీద, 156.8 మెగాహెర్ట్జ్. ఓడకి బిగించిన సెట్టుకైనా అక్కడ 25 వాట్లే హద్దు, దగ్గరివాళ్లతో మాటలకి ఒక్క వాటు చాలు. ఆ హద్దు ఎందుకు పెట్టారో బూస్టర్ తగిలించేవాడికి తెలీదు. ఈ సెట్లలో ఉండే ఎఫ్‌ఎం రిసీవరు రెండు పిలుపులు ఒకేసారి వస్తే గట్టిదాన్నే పట్టుకుంటుంది. పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన నిలబడ్డవాడికి ఎవరు పిలిచినా వినపడనట్టే, బలహీనమైన పిలుపు గరగరగా కూడా మిగలదు. ఒడ్డున కూర్చుని అరవై వాట్లతో ఈ రోజు వంజరం రేటెంతని అడిగేవాడు, బోల్తాపడిన పడవలో చేతి సెట్టు పట్టుకుని అరుస్తున్నవాడి నోరు నొక్కేస్తున్నాడు. తనకే తెలీకుండా. మాట్లాడ్డానికి నొక్కే పీటీటీ బటను ఇరుక్కుపోయిందా, ఛానెలంతా వాడిదే. మెరైన్ సెట్టుకి బూస్టర్ అనే మాటే వద్దు, అందులో బేరాల్లేవు.

హామ్‌ల (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్ల) సంగతి వేరు. పరీక్ష రాసి, వీయూ2తో గానీ వీయూ3తో గానీ మొదలయ్యే కాల్‌సైన్ (సర్కారిచ్చే రేడియో పేరు) తెచ్చుకుని, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ లోపల మాట్లాడేవాళ్లకి లైసెన్సులో రాసిన పవరు దాకా వాడుకునే హక్కుంది. ఆ కాయితం లేనివాళ్లకి హామ్ సెట్టే తప్పు, ఇక బూస్టర్ మాటెందుకు. లైసెన్సు ఊసెత్తకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలకి నోటీసులిచ్చింది. అయినా ఆ వాకీటాకీలు ఇంటికి వస్తూనే ఉన్నాయి.

సరే, నిజంగా అవసరమైనవాళ్లుంటారు. పునరావాస కేంద్రంలో కూర్చుని పది ఊళ్ల కబుర్లు అందుకోవాల్సిన హామ్‌కి యాంటెన్నా ఎత్తూ కేబులూ సరిగ్గా ఉన్నాక కూడా పవరు కావాలి. అలాంటివాడు బూస్టర్ కంటే ముందు ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో చూపేది), 50 ఓమ్‌ల డమ్మీ లోడు (యాంటెన్నా బదులు తగిలించి పరీక్షించేది) కొనాలి. ఎస్‌డబ్ల్యూఆర్ మూడుంటే పంపిన పవరులో పావు వంతు వెనక్కే వస్తుంది, ఆ దెబ్బ తినేది లోపలున్న ట్రాన్సిస్టరు. సెట్టుని ఎప్పుడూ తక్కువ పవరులో పెట్టి మొదలెట్టండి. రెండు వాట్లే తీసుకునే బూస్టర్‌లోకి ఐదు వాట్లు తోస్తే కాలడం దానికి నిమిషాల పని. ఎఫ్‌ఎం కోసం చేసిన బూస్టర్‌లో ఎస్‌ఎస్‌బీ (గొంతుని పంపే ఇంకో పద్ధతి) పెడితే గొంతు బద్దలై పక్క ఛానెళ్ల మీదా చిందుతుంది. మీట నొక్కి ఉండగా కేబులు పీకకండి, ముట్టుకోకండి. రేడియో తరంగాలకి (ఆర్‌ఎఫ్) కాలిన గాయం పైకి చుక్కలా కనిపించి లోపల లోతుగా ఉంటుంది.

బ్యాటరీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, తుపాను వేళ అందరూ చెయ్యి పెట్టేది ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మీదే కాబట్టి. వంద వాట్లు బయటికి రావాలంటే బూస్టర్ దాదాపు రెండొందల వాట్లు తింటుంది, అంటే 13.8 వోల్టుల దగ్గర పదిహేను ఆంపియర్లు. దానికి బల్బుకి వేసే తీగ లాగినవాళ్లని చూశాను. తీగ వెచ్చబడుతుంది, వోల్టేజి జారుతుంది, మాట వణుకుతుంది, ఆపైన కాలిన వాసన. ఫ్యూజు బూస్టర్ పక్కన కాదు, బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఉండాలి. మధ్యలో తీగ ఎక్కడ నలిగినా ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కుతుంది, అడ్డుకునేది ఆ ఫ్యూజొక్కటే. (కిటికీలన్నీ మూసిన గదిలో జనరేటరు పెట్టేవాళ్లకి వేరే పోస్టు రాయాలి.)

పాతకాలం హామ్‌ల ఇళ్లలో ఇంకా వాల్వు లీనియర్లున్నాయి, అంటే గాజు వాల్వులతో చేసిన పాత బూస్టర్లు. 807 రకం వాల్వు వేసినవాటిలో ఆరొందల వోల్టులు, 813 అయితే రెండు వేల దాకా. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఉండిపోతుంది. మూత తెరిచే ముందు ప్లగ్గు పీకాలి, ఇన్సులేషన్ పిడి ఉండి ఎర్తుకి తీగ కట్టిన లోహపు కడ్డీని కెపాసిటర్లకి తాకించి ఖాళీ చెయ్యాలి, ఒక చెయ్యి జేబులోనే ఉంచాలి, మెయిన్ స్విచ్చి ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి.

బూస్టర్‌కి చేతి సెట్టు రబ్బరు యాంటెన్నా తగిలించి బల్ల మీద పెట్టుకునే మహానుభావులకి ఒక లెక్క. ఈ తరంగాల్ని మనిషి ఒళ్లు బాగా పీల్చుకుంటుంది కాబట్టి, మామూలు జనానికి చదరపు మీటరుకి 2 వాట్లు దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. యాభై వాట్లు, నాలుగు రెట్లు గెయిన్ ఇచ్చే (పవరుని ఒకవైపు అంత గట్టిగా తోసే) యాంటెన్నా కలిస్తే దాదాపు మూడు మీటర్ల దాకా ఆ హద్దు దాటుతుంది. యాంటెన్నా పైన ఉండాలి, పిల్లలు ఆడుకునే డాబా మీద మనిషెత్తున కాదు. స్తంభం కూలినా 11 కేవీ లైను మీద పడనంత దూరంలో పాతండి. ఉరుములు మొదలవకముందే కేబులు సెట్టు నుంచి విప్పి బయట పెట్టండి, స్విచ్చి ఆపేస్తే సరిపోదు.

ఇన్‌బాక్స్‌లో ఎన్ని వాట్లని అడిగేవాళ్లు ముందు కేబులు రకం, పొడవు, యాంటెన్నా ఎత్తు, కాల్‌సైన్ రాసి పంపండి. ఈ నాలుగూ లేకుండా "ఎంతదైతే బాగుంటుంది బాబాయ్" అంటే మాత్రం జవాబివ్వను.