తెర అనే దురలవాటు

మొన్న ఆదివారం మా లాప్‌టాప్, దాన్ని నడిపించే లినక్స్ కొత్త వెర్షన్‌కి మారింది. గంటన్నర సేపు ప్యాకేజీలు దించుకుని, విప్పుకుని, సర్దుకుని, అప్‌గ్రేడ్ విజయవంతంగా పూర్తయిందని చెప్పి, రీస్టార్ట్ అయి నల్లబడింది. పైన ఎడమ మూల చిన్న గీత ఒక్కటే మినుకుమినుకుమంటోంది.

దీన్ని సమస్య అనేవాళ్లు ఉంటారు. నేను అనను. ఎందుకంటే విచారించి చూశాను. తెర తప్ప అంతా సలక్షణంగా ఉంది. లినక్స్ గుండెకాయ కెర్నల్ లేచింది, వైఫై తగులుకుంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఫోన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ దారిలో, తెర అవసరం లేకుండా లోపలికి వెళితే స్వాగతం కూడా పలికింది. దాని పని అది చేసుకుంటోంది. చూడాలన్న దురాశ నాది. రోడ్డు వేసినట్టు రికార్డుల్లో ఉంటే, ఊళ్లో కనబడలేదని గోల చేసే రకం అన్నమాట నేను.

అయినా మనిషిని కదా. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, ఉత్త అక్షరాలే కనిపించే కన్సోల్‌లో లాగిన్ అయి ఫోల్డర్లు చూపించమన్నాను. ఏళ్ల తరబడి దాచుకున్న ‘కరెంటు బిల్లులు’, ‘అమ్మ మందుల చీటీలు’ డబ్బాలు డబ్బాలుగా వరసకట్టి నిలబడ్డాయి. ఆ కన్సోల్ ఫాంటులో 512 గుర్తులకు మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ పేర్చడం దానికి చేతకాదు. డబ్బాల పొడుగు చూసి ఏది బిల్లో ఏది మందులో ఊహించుకున్నాను.

ఒక మిత్రుడు, తెర మీద కిటికీలు గీసే వేలాండ్‌ని వదిలేసి, అదే పని చేసే పాత ఎక్స్‌కి మారమన్నాడు. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్‌కీ, 2008లో మొదలై ఇప్పటికీ ఇల్లు స్వాధీనం చేసుకుంటూనే ఉన్న వేలాండ్‌కీ మధ్య ఆస్తి తగాదాలో నేను తలదూర్చలేదు. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే ఒక గ్రాఫిక్స్ కార్డుల కంపెనీకి మధ్యవేలు చూపించాడు. నాకా హోదా లేదు.

చివరికి గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్‌ని చేత్తో ఎక్కించబోతే అసలు సంగతి బయటపడింది: తాళంచెవి చెల్లలేదట. గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌కి బయటి మనిషి. కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని కొత్తగా కంపైల్ చేయాలి, అంటే దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేయాలి. ముక్కూమొహం తెలియని కోడ్‌ని లోపలికి రానివ్వని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డ్రైవర్ పైన ఆ తాళంచెవితో వేసిన సంతకం ఉండాలి, ఆ సంతకాన్ని మదర్‌బోర్డు గుర్తుపట్టాలి. సంతకం చెల్లక కొత్త డ్రైవర్ గుమ్మంలోనే ఆగిపోయింది. కెర్నల్‌తో పాటే ఇంట్లో ఉన్న నువో అనే డ్రైవర్‌ని అది వస్తూ వస్తూనే బ్లాక్‌లిస్టులో పెట్టించింది. వచ్చినవాడికి ప్రవేశం లేదు, ఉన్నవాడికి అనుమతి లేదు.

ఇందులోనూ తప్పు నాదే. అప్‌గ్రేడ్ మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంటే పెట్టాను. ఎందుకని అడగలేదు, పెళ్లిలో పంతులుగారు ఆచమనం చెయ్యమంటే ఎందుకని అడుగుతామా? రీస్టార్ట్ అవగానే నీలం రంగు తెర ఒకటి వచ్చి, కొత్త సంతకాన్ని నమోదు చేయాలంటే ఏదో ఒక మీట నొక్కమని 10 సెకన్లు ఎదురుచూస్తుందట. ఆ యంత్రం జన్మకి ఒక్కసారి నన్ను సంప్రదించింది. నేనప్పుడు వంటింట్లో టీ వడకడుతున్నాను.

మా బావమరిది ఫోన్ చేసి, “బావా, గ్రబ్‌లో, అదే బూట్ మెనూలో, ‘E’ మీట నొక్కి, లినక్స్ అని ఉన్న లైను చివర నోమోడ్‌సెట్ అని కొట్టు” అన్నాడు. కొట్టాను. గ్రాఫిక్స్ జోలికి పోవద్దని కెర్నల్‌కి చెప్పే మాటట అది. తెర వచ్చింది, అక్షరాలు పల్లెవెలుగు బస్సు బోర్డంత. ఆ వెలుగులోనే, ఈ నమోదుల పని చూసే మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో సంతకం మళ్లీ దాఖలు చేసి, రీస్టార్ట్ కొట్టి, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టినా ముట్టుకోలేదు.

నీలం తెర వచ్చింది, నమోదు అయింది, డెస్క్‌టాప్ కళకళలాడుతూ కనబడింది. డబ్బాలన్నీ మళ్లీ తెలుగయ్యాయి. ముందుగా కరెంటు బిల్లుల ఫోల్డరే తెరిచాను. గడువు శనివారంతో అయిపోయింది.