పాసై ఎనిమిదేళ్లు, డ్యూటీ ఒక్కరోజూ లేదు: ఒడిశా సరిహద్దు తెలుగు నర్సులు ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కనగిరి. ఒడిశా దక్షిణపు అంచున ఉన్న ఈ ఊళ్ల తెలుగు ఇళ్లలో జీఎన్‌ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసి, ఆ తర్వాత ఒక్కరోజు కూడా డ్యూటీ ఎక్కని ఆడపిల్లలు ఉన్నారు. కొందరు విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం వైపు చదివారు, కొందరు బెంగళూరు వెళ్లొచ్చారు. కోర్సు అయిందో లేదో పెళ్లి, వెంటనే పిల్లలు, అత్తగారు మంచాన పడితే ఆ సేవ. ఐదేళ్లు, ఎనిమిదేళ్లు అలా గడిచిపోతాయి. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఉద్యోగం కోసం ఆస్పత్రి మెట్లెక్కితే ఎదురయ్యే మొదటి మాట 'ఎక్స్‌పీరియన్స్ ఎంతమ్మా?' లేదని చెప్పగానే ఫైలు మూసేస్తారు. ఇన్నేళ్ల ఖాళీయే తన ఖర్మ అనుకుని ఆమె ఇంటికి వచ్చేస్తుంది.

ఆమె అక్కడే పొరబడుతోంది. ఖాళీ ఏళ్లు అడ్డే, కానీ వాటికంటే ముందు తలుపు మూసేవి మూడున్నాయి: చెల్లుబాటులో లేని రిజిస్ట్రేషన్, ఏ రాష్ట్రం తరఫున పోటీపడాలో తేల్చుకోకపోవడం, పని మరిచిన చేతులు. మూడూ సరిచేసుకోగలిగినవే. అయితే వరస తప్పితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి.

ముందు రిజిస్ట్రేషన్. పట్టా ఉన్నంత మాత్రాన నర్సు కాదు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ పుస్తకంలో పేరుండాలి. ఆంధ్రాలో చదివినవారి పేరు సాధారణంగా ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో ఉంటుంది. ఒడిశాలో పనిచేయాలంటే ఒడిశా కౌన్సిల్ నంబరు కావాలి. దానికి మొదటి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, ఆ కౌన్సిల్ మీ వివరాలు సరైనవేనని రెండో కౌన్సిల్‌కు ధ్రువీకరించాలి. ఇది ఒక్క వారంలో తేలే పని కాదు, నెలలు పట్టవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే చివరి తేదీ దాటిపోతుంది. పాత రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉంటే ముందు దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్, ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఎనిమిదేళ్లు ఇంట్లో ఉన్నవారి దగ్గర ఈ గంటలు ఉండవు కాబట్టి కౌన్సిల్ గుర్తించిన వర్క్‌షాపులు ఏవో చూసుకుని ఇప్పటి నుంచే హాజరు కావాలి. గుర్తింపు లేని వెబినార్ సర్టిఫికెట్లకు డబ్బు తగలేయొద్దు.

సరిహద్దు వాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, పేరు. ఆంధ్రా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశాలో తీసిన ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర పెడతారు. పెళ్లయ్యాక కొత్త ఓటరు కార్డులో భర్త ఇంటిపేరు చేరుతుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు! సర్టిఫికెట్ల పరిశీలన రోజు బల్లకు అవతల ఉన్న గుమాస్తాకు ఈ ముగ్గురూ ఒక్కరేనని నోటిమాటతో చెప్తే కుదరదు. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే మూలంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించుకోవడం అన్నిటికంటే తేలిక. కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టే ముందే ఈ పని కానివ్వాలి.

ఇక ఏ రాష్ట్రం? చాలామంది రెండు పడవల మీద కాళ్లు పెడతారు. ఒడిశా నోటిఫికేషన్ ఒడిశా కౌన్సిల్ నంబరు అడుగుతుంది, ఆంధ్రా నోటిఫికేషన్ ఆంధ్రా నంబరు అడుగుతుంది. ఎటు వెళ్లాలో ముందే తేల్చుకుంటేనే ఎన్‌ఓసీ తీసుకోవాలా వద్దా అన్నది తేలుతుంది.

ఒడిశా వైపు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు సబార్డినేట్ స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ రాత పరీక్ష పెడుతుంది. పరీక్షలో ఖాళీ ఏళ్ల గురించి అడిగేవారు ఉండరు, ఇది మనకు కలిసొచ్చే సంగతి. తెలుగువాళ్లు జారిపోయేది భాష దగ్గర. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, ఆ భాషను కనీసం మిడిల్ స్కూల్ స్థాయిలో పాసైనట్టు కాగితం చూపాలి. పుట్టింది బరంపురంలోనే అయినా, బజారులో ఒడియా గడగడా మాట్లాడుతున్నా, బడిలో తెలుగు మీడియమో ఇంగ్లిష్ మీడియమో చదివి ఒడియా సబ్జెక్టు తీసుకోకపోతే ఆ కాగితం ఉండదు. మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్షను విడిగా రాసి పాసయ్యే వీలుంది. నర్సింగ్ పుస్తకాలు తిరగేసే ముందు ఈ పరీక్ష గడప దాటాలని మా అభిప్రాయం. ఎందుకంటే ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఈ ఒక్క కాగితం లేక పరిశీలన రోజున వెనక్కి పంపేస్తారు.

ఆంధ్రా వైపు చాలామందికి తెలియని మేలు ఒకటుంది. వైద్య ఆరోగ్య శాఖ రీజినల్ డైరెక్టర్లు ఇటీవలి ఏళ్లలో ఇచ్చిన కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లలో రాత పరీక్ష లేదు. నూరు మార్కుల్లో 75 కోర్సులో తెచ్చుకున్న మార్కులకు, 15 దాకా ప్రభుత్వ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు. మిగిలిన 10, కోర్సు పాసైన తర్వాత గడిచిన ప్రతి పూర్తి సంవత్సరానికి ఒక మార్కు చొప్పున. అంటే ప్రైవేటు ఆస్పత్రి తప్పుగా చూసే ఆ ఎనిమిదేళ్లకే ఇక్కడ ఎనిమిది మార్కులు! సేవ మార్కుల్లోనూ ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది: ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, గ్రామీణంలో రెండు, పట్టణంలో ఒకటి. పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట లాంటి గిరిజన ప్రాంతంలో ఒక ఏడాది కాంట్రాక్టు డ్యూటీ చేస్తే దాని విలువ పట్టణంలో రెండున్నరేళ్లతో సమానం. మెలిక ఏమిటంటే స్థానికత. నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివారన్న స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆ ఏళ్లు ఒడిశాలో చదివినవారు నాన్‌లోకల్ కింద, తక్కువ పోస్టులకే పోటీపడాలి. ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో హాస్టల్లో ఉండి చదువుకున్నవారికి ఈ బాధ లేదు.

రెండు రాష్ట్రాల తగవూ లేని దారి రైల్వే. నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు బీఎస్సీ అయినా జీఎన్‌ఎం అయినా చాలు, అనుభవం అడగరు. మూల వేతనం నెలకు 44,900 రూపాయలు. 2024 నోటిఫికేషన్‌లో వయసు 20 నుంచి 43. పరీక్ష 90 నిమిషాలు, నూరు ప్రశ్నలు, అందులో 70 వృత్తికి సంబంధించినవే, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఎంచుకోవచ్చు. దీనికి భిన్నంగా ఎయిమ్స్ ఆస్పత్రుల నర్సు పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్షకు గరిష్ఠ వయసు 30, ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. జీఎన్‌ఎం వారైతే కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కూడా ఉండాలి. వయసు దాటినవారు దాని కోచింగ్‌కు ఫీజు కట్టడం వృథా.

ప్రభుత్వ ఉద్యోగం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి, మొదటి డ్యూటీ ఎక్కువమందికి ప్రైవేటు ఆస్పత్రిలోనే. అక్కడ జీతం కంటే ముందు చూడాల్సినవి పడకల సంఖ్య, పీఎఫ్. పైన చెప్పిన 50 పడకల నియమం వంటివి రేపు అక్కరకొస్తాయి. పన్నెండు పడకల నర్సింగ్ హోంలో మూడేళ్లు చేసి, ఆ అనుభవం ఏ పెద్ద దరఖాస్తుకూ పనికిరాదని తర్వాత తెలిస్తే ఎంత కడుపుకోత! చేరిన రోజే అపాయింట్‌మెంట్ లెటర్, హోదా 'స్టాఫ్ నర్స్' అని రాసి ఉండాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోవాలి. ఆరోగ్య బీమా పథకాల గుర్తింపు కోసం ఆస్పత్రులు అర్హులైన నర్సుల పేర్లు చూపాలి. ఆ అవసరం కోసం 'డ్యూటీకి రానక్కర్లేదు, మీ రిజిస్ట్రేషన్ ఇవ్వండి, నెలకింత ఇస్తాం' అనేవారు తగులుతారు. రేపు ఆ వార్డులో ఏదైనా జరిగితే కాగితం మీద డ్యూటీలో ఉన్నది మీరే.

దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ గురించి కూడా ఖరాఖండిగా చెప్పాలి. పీఎఫ్ ఖాతా, బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే అది ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. గల్ఫ్‌కు వెళ్లాలనుకున్నా సర్టిఫికెట్ ఇచ్చిన ఆస్పత్రినే నేరుగా అడిగి సరిచూస్తారు. ఉద్యోగంతో పాటు రిజిస్ట్రేషన్ కూడా పోయే ప్రమాదం అది.

జీతం మాట. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రిలో నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. చిన్న ఊళ్లలో అది అమలు కావడం లేదు. మొదటి ఆరు నెలలు తక్కువకు ఒప్పుకోక తప్పకపోవచ్చు, కానీ ఆరు నెలల తర్వాత ఎంతన్నది లెటర్‌లో రాయించుకోవాలి.

ఇప్పుడు చేతుల సంగతి. కొత్తగా చేరినవారు పది రోజుల్లో మానేయడానికి కారణం చాలాసార్లు జీతం కాదు, భయం. చదివే రోజుల్లోనే వార్డు పోస్టింగు సరిగా దొరకనివారికి ఈ భయం రెట్టింపు. చేరే ముందు నెలరోజులు కొన్నిటిని నోటికి, చేతికి తెచ్చుకోవాలి. క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) రంగులు, గేజ్ నంబరును బట్టి: 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. రెండుసార్లు గుచ్చినా నరం దొరకకపోతే మూడోసారి ప్రయత్నించకుండా సీనియర్‌ను పిలవాలి, ఇందులో నామోషీ లేదు. డ్రిప్పు లెక్క: మామూలు సెట్‌లో ఒక ఎంఎల్‌కు 20 చుక్కలు, మైక్రో సెట్‌లో 60. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో వెళ్లాలంటే 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించాలి, నిమిషానికి సుమారు 42 చుక్కలు.

ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త. మన దగ్గర ఎంఎల్‌కు 40 యూనిట్ల వయల్ (మందు సీసా), 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ రంగు మూతది 100కి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రోగి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు. అలాగే పొటాషియం క్లోరైడ్‌ను ఎవరు తొందరపెట్టినా నేరుగా నరంలోకి ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. ఒకరోజు బీఎల్‌ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక చికిత్స) శిక్షణ తీసుకుంటే ఛాతీ నొక్కుడు నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, 30 నొక్కులకు రెండు శ్వాసలు అన్నది చేతికి పడుతుంది. ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. ఇంటర్వ్యూలో ఖాళీ రెజ్యూమే మీద చూపించగలిగే తాజా తేదీ అదే.

ఖాళీ గురించి అడిగితే దాచొద్దు, సాగదీయొద్దు. 'ఎనిమిదేళ్లు ఇంటి బాధ్యత. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను, బీఎల్‌ఎస్ గత నెల అయింది, పిల్లల్ని రాత్రి మా అమ్మ చూసుకుంటుంది, నైట్ డ్యూటీ చేయగలను మేడమ్.' నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కావాల్సింది ఈ నాలుగు ముక్కలే. నైట్‌లు అంటే చాలాచోట్ల పన్నెండు గంటలు, ఇంట్లో ఆ ఏర్పాటు నిజంగా చేసుకున్నాకే ఆ మాట అనాలి. నేరుగా ఐసీయూ ఇస్తామంటే మొదటి రెండు నెలలు జనరల్ వార్డు అడగడం మంచిది.

ఆస్పత్రులు కూడా ఒకటి ఆలోచించాలి. ఈ జిల్లాల్లో వార్డుకు వచ్చేవారు సవర, కుయి, కోయ, దేశియా, ఒడియా, తెలుగు మాట్లాడతారు. మలేరియా, సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న ప్రాంతం ఇది. ఒంట్లో ఏమవుతోందో చెప్పుకోలేని గర్భిణికి రెండు మూడు భాషలు తెలిసిన స్థానిక నర్సు దొరకడం అదృష్టం. దూరప్రాంతం నుంచి రెండేళ్ల అనుభవంతో వచ్చినవారు ఏడాది తిరగకుండా విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లిపోతున్నారని వాపోయే యాజమాన్యాలు, పక్క వీధిలో ఉన్న నర్సును అనుభవం లేదని పంపేయడం బాధాకరం. పన్నెండు వారాల శిక్షణ చాలు: రెండు వారాలు సీనియర్ వెంట చూడటం, ఆరు వారాలు ఆమె ఎదుట చేయడం, మిగతా నాలుగు వారాలు తక్కువ మంది రోగులతో సొంతంగా. మందుల లెక్క, క్యాన్యులా, హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీకి రోగుల అప్పగింత) ఒక్కోటి వచ్చిందని సంతకం పెట్టే ఒక పేజీ పట్టిక. ఆ పన్నెండు వారాలకు స్టైపెండ్ ఇవ్వాలి, పన్నెండో వారం చివర పడకల సంఖ్య, తేదీలు, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ఉత్తరం ఆమె చేతికి ఇవ్వాలి.