తుప్పు పట్టని స్టీలు పొర గారికి సన్మాన లేఖ

మహారాజశ్రీ డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రపు రియాక్టర్ మూత లోపలి స్టెయిన్‌లెస్ స్టీలు పొర గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇది మాట వరసకు రాస్తున్నది కాదు. 2002 ఫిబ్రవరి దాకా అమెరికాలోని ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున కాపురముంటున్న వారందరి కుశలమూ తమరి కుశలం మీదే ఆధారపడి ఉండేది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అసలు తమరి ఉద్యోగం ఒత్తిడి మోయడం కాదు. ఆరంగుళాలకు పైగా మందమున్న కార్బన్ స్టీలు మూతకు అస్తరుగా ఉంటూ తుప్పు పట్టకుండా చూడడం, అంతవరకే. మోసే బాధ్యత పైఅధికారిది. మూతలోంచి దూరి వెళ్ళే నాజిల్ అనే గొట్టం పగిలి, ఆ పగులులోంచి రియాక్టర్ నీటితో పాటు కారిన బోరిక్ ఆమ్లం ఆ పైఅధికారిని ఏళ్ళ తరబడి తింటూ పోయింది. అక్కడ చివరికి మిగిలింది సెంటీమీటరు మందం కూడా లేని తమరు. అవతలి వైపు వాతావరణ పీడనానికి దాదాపు 150 రెట్ల ఒత్తిడి. తమరు కాస్త ఉబ్బారు, పగుళ్ళూ వచ్చాయి, అయినా పట్టు వదల్లేదు. ఓవర్‌టైం కూడా అడగలేదు.

తమరి వాటా పని చేయవలసిన వారు లేకపోలేదు. 2000లో ఇంధనం మార్చేటప్పుడు తీసిన ఫొటోలో మూత మీదుగా ఎర్రటి చారలు కారి కనిపిస్తాయి. లోపలి గాలిలో రేడియేషన్ కొలిచే పరికరాల ఫిల్టర్లు తుప్పు పొడితో మూసుకుపోతుంటే, వాటిని మార్చి మార్చి చేతులు నొప్పి పుట్టాయే తప్ప ఆ పొడి ఎక్కడిదన్న ప్రశ్న పైదాకా వెళ్ళలేదు. 2001 చివర్లో అణు నియంత్రణ కమిషన్ డిసెంబరు 31లోగా రియాక్టర్ ఆపి తనిఖీ చేయమంది. రియాక్టర్ నడిపే కంపెనీ బేరమాడింది. ఫిబ్రవరి 16కు తెగింది. కంపెనీకి వచ్చే నష్టం తగ్గించాలన్న ఆలోచనే ఈ నిర్ణయానికి చాలావరకు కారణమని ఆ కమిషన్ పనితీరును లోపలి నుంచే తనిఖీ చేసే సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే తర్వాత తేల్చారు. ఆ గడువు పొడిగింపు నాళ్ళలో భద్రతా విభాగం మొత్తం తమరే. నాజిల్ మరమ్మతు చేస్తుండగా అది కదిలింది కాబట్టి ఆమ్లం తిన్న గుంత బయటపడింది గానీ, లేకపోతే ఇంకెన్నాళ్ళు డ్యూటీ చేసేవారో!

తమరి తర్వాతి కథ కూడా వినండి. 1977 నాటి లైసెన్సు 2017తో ముగియాలి. మరో 20 ఏళ్ళు కావాలని కంపెనీ అర్జీ పెట్టుకుంది. అది పరిశీలనలో ఉండగానే, 2011లో కొత్త మూత లోపలికి తీసుకువెళ్ళడానికి కాంక్రీటు కవచ భవనాన్ని కోస్తే గోడలో పగుళ్ళు కనిపించాయి. నేరం 1978 నాటి మంచు తుపానుదని తేల్చారు. బయటి గోడకు నీరు చొరని పూత వేయలేదట. వేశారు. తర్వాత చూస్తే పగుళ్ళు మరికాస్త సాగాయి. ఈసారి దోషం ఆ పూతదే, లోపలి తేమను బయటకు పోనివ్వలేదట! ఈ పగుళ్ళ గురించి లైసెన్సు విచారణలోనే వాదిస్తామని పౌరసంఘాలు వెళ్తే, వాదన స్వీకరణకు అర్హం కాదని తిప్పిపంపారు. 2015 డిసెంబరులో లైసెన్సు మాత్రం 2037 దాకా వచ్చేసింది.

ఈ పొడిగింపు విచారణల్లో పరికరాల వయసు గురించి అడగవచ్చు. ప్రమాదం జరిగితే జనం ఏ దారిన పారిపోవాలో అడగకూడదు. అది వేరే ఫైలు. ఇక పరిశీలన సంగతంటారా, 2007లో ఆ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే కమిషన్ సమీక్షా నివేదికలను తిరగేసి చూస్తే, కొన్ని చోట్ల కంపెనీల అర్జీల్లోని వాక్యాలే అక్షరం పొల్లుపోకుండా దర్శనమిచ్చాయి. పక్కవాడి జవాబు పత్రం చూసి రాసే పిల్లవాడైనా ఒకటో రెండో మాటలు మారుస్తాడు.

తమరికి శాలువా కప్పుదామనుకుంటే, తమరిని కోసి వర్జీనియాలోని ప్రయోగశాలకు పంపించేశారు. కాబట్టి ఈ ఉత్తరమే సన్మాన పత్రం అనుకోండి. ఒక్క మనవి. అమెరికాలో రియాక్టర్లను 80 ఏళ్ళ దాకా నడపడానికి అర్జీలు మొదలయ్యాయి. ఇతర రియాక్టర్లలో ఉన్న తమరి జ్ఞాతులకు కబురు పంపండి, డ్యూటీ చార్టులో రాసినంతవరకే పని చేస్తామని మొండికేయవద్దని.

ఇట్లు,
తమరి విధేయుడు,
మూత ఎత్తి చూడమని అడిగేవాడు